సినిమావాళ్లిచ్చిన పళ్లు

విజయనగరం,
మార్చి 9.

బావా,

ఫోన్ చేస్తే నీ వెనక ఐసు మర మోత, నీ నోట్లోంచి "ఆ", "ఊ". అందుకే కాగితం పట్టుకున్నాను. దీనికైతే జవాబు రాయక తప్పదు నీకు.

నిన్న మా కాలేజీ పిల్లలు బలవంతపెట్టి ఒక సినిమాకి తీసుకెళ్లారు. జాంబీల కామెడీ అట. చచ్చినవాళ్లు లేచి, చేతులు వేలాడేసుకుని నడుస్తూ, బతికున్నవాళ్లని కొరుకుతారు. కొరికించుకున్నవాడూ అలాగే అయిపోతాడు. అందులో నవ్వేముందని అడక్కు, హాలంతా నవ్వింది. నేను పాప్‌కార్న్ పొట్లం పట్టుకుని వర్గ విశ్లేషణ చేస్తూ కూర్చున్నాను. మా పిల్లలు నన్నింక పిలవరు.

కానీ చెప్పు, జాంబీలందరూ లుంగీలవాళ్లే ఎందుకయ్యారు? అందరూ ఎముకలు తేలి, మాసిన చీరల్లో, కాళ్లకి చెప్పుల్లేకుండా ఎందుకున్నారు? హీరో హైదరాబాదు నుంచి కారులో దిగుతాడు. తోలు కోటు. మన సముద్రపొడ్డు ఎండలో తోలు కోటు వేసుకున్నవాడికి మతి ఉందని ఎలా నమ్మాలి? వాడు పడవ తెడ్డుతో మనవాళ్ల తలలు వరసగా పగలగొడతాడు. తలకో జోకు. ఆఖర్న ఎవడో డాక్టరు ఒక సూదిమందు కనిపెడతాడు, అందరికీ పొడుస్తారు, అందరూ లేచి డాన్సు చేస్తారు. ఊరి జబ్బంతా ఒక్క సూదితో కుదిరిపోతుందనడమంత పిల్లతనం ఇంకోటి లేదు. పేదవాణ్ణి చూస్తే వీళ్లకి భయం. ఆ భయానికి సిగ్గుపడాల్సి వస్తుందని కామెడీ అని పేరు పెట్టుకున్నారు. మా పత్రికకి ఇదే రాస్తున్నాను.

అసలు సంగతి ఇది కాదు. సగం సినిమా దాకా నేను మొహం మాడ్చుకునే కూర్చున్నాను. అప్పుడొక ముసలమ్మ జాంబీ వచ్చింది. వలల కుప్ప వెనక నుంచి పాకుతూ వచ్చి, ఒక కుర్రాడి భుజం పట్టుకుని కొరికి, రుచి నచ్చనట్టు మొహం పెట్టి, కొంగు ముడిలోంచి ఉప్పు తీసి చల్లి మళ్లీ కొరికింది. బావా, నేను నవ్వాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆ నవ్వు మధ్యలో గుర్తుపట్టాను. ఆమె జగ్గమ్మ. ఆ కుర్రాడు మీ కులపెద్ద అప్పలసూరి కొడుకు వెంకీ. వెనక కనబడేది మన నీలాటిపాలెం రేవు.

మా అమ్మ పుట్టిన ఊళ్లో సినిమా తీస్తే నాకొక్క ముక్క చెప్పలేదేం? ఇంకో మాట. చిన్నప్పుడు సెలవలకి వచ్చినప్పటి నుంచీ జగ్గమ్మని ఎరుగుదును. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని "నెత్తళ్లో" అని కేకేస్తే సగం గాలే వచ్చేది. ముందుపళ్లు ఒక్కటీ లేవు. తెర మీద మాత్రం దబ్బనాల్లాంటి పళ్లు. అవెక్కడివి?

భారతి


నీలాటిపాలెం,
మార్చి 20.

భారతికి,

చెబితే వచ్చి ఆ డైరెక్టరుతో తగువు పెట్టుకుంటావని చెప్పలేదు. మనుషుల్ని కుదిర్చింది నేనే. కూలి, రెండు పూటలా బిరియాని. మనవాళ్లకి నటన అక్కర్లేకపోయింది. "తెల్లవార్లూ వేట చేసి ఒడ్డుకొచ్చినవాళ్లలా నడవండి, చాలు" అన్నాడు డైరెక్టరు. అలాగే నడిచారు. నువ్వు ఎంత కోప్పడినా, చేపల బండి తోలే కొండబాబు మాత్రం తన తల పగిలే చోట ఫోన్ ఆపి పెళ్లాం తరపు చుట్టాలందరికీ చూపిస్తున్నాడు. ఇక్కడ దాన్ని పీనుగుల సినిమా అంటున్నారు.

పళ్ల సంగతి. మేకప్ చేసిన ఉమాశంకర్ అనే కుర్రాడు శ్రీకాకుళం వాడే, అంతకుముందు కట్టుడు పళ్లు చేసే చోట పనిచేశాడట. జగ్గమ్మ నోట్లో మైనం ముద్ద పెట్టి అచ్చు తీసి, పై వరసా కింది వరసా చేశాడు. ముందువి కోరలు, పక్కవి మామూలువి. షూటింగ్ అయ్యాక ఇమ్మంటే ఇవ్వలేదు. "నా నోటి అచ్చుకి సేసినవి ఇంకెవులి నోట్లో ఎడతావు, నాయనా" అంది. వాడు నవ్వి వదిలేశాడు. ఆ కోరల్ని ఈమె కత్తులు నూరే సానరాయి మీద అరగదీసుకుంది. ఇప్పుడు దూరం నుంచి చూస్తే సొంత పళ్లే అనుకుంటారు. మొదట తిన్నవి చేగోడీలు. నా ఐసు కొట్టు అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కటీ పటుక్కున విరిచి, ఆ చప్పుడు వింటూ తింది.

పాత పళ్లు ఎలా పోయాయని మాత్రం అడక్కు. వచ్చే నెల నుంచి వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, మగాళ్లంతా ఖాళీగా ఉంటారు. నాకు ఆ రోజులు నచ్చవు.

తిరుమలరావు


విజయనగరం,
ఏప్రిల్ 4.

బావా,

నేను అడగనిదానికి నువ్వు "అడక్కు" అన్నావు. నువ్వు అబద్ధమాడవు, మధ్యలో ఆపుతావు. చిన్నప్పుడు పీత కరిచిన కాలు కూడా లాగు కింద దాచినవాడివి.

జగ్గమ్మ పళ్లేవని అమ్మని అడిగినప్పుడల్లా "రాళ్ల మీద జారిపడ్డాది" అనేది. రాళ్ల మీద పడితే, అప్పట్లో ఉన్న పక్కపళ్లు ఉండగా ముందువి మాత్రమే, పైనా కిందా సమానంగా పోతాయా? ఇప్పుడు ఆలోచిస్తుంటే ఒళ్లు మండుతోంది.

సినిమా మీద వ్యాసం అచ్చయింది. "మేడంగారికి నవ్వడం రాదు" అని ఉత్తరాలు వచ్చాయి. వచ్చు. అదే నా బాధ. మళ్లీ ఆలోచిస్తే ఆ సినిమాలో ఒక్క సంగతి మాత్రం నిజంగా ఉంది. ఎదుటివాణ్ణి జాంబీ అని ముందు ఎవడు అరిస్తే వాడే మనిషి. అనిపించుకున్నవాడు ఇంక ఏం చెప్పినా అవతలివాళ్లకి గుర్రుమనే వినబడుతుంది. "నేను మీ పక్కింటివాణ్ణే" అని చెప్పుకుంటున్నాడేమో, ఎవడికి తెలుసు? అప్పటికే తెడ్డు పైకి లేచి ఉంటుంది.

నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి జగ్గమ్మని అడుగుతాను. అరుగు మీద కూర్చుని, గట్టిగా, అందరూ వినేలా. నా గొంతు నీకు తెలుసు.

భారతి


నీలాటిపాలెం,
ఏప్రిల్ 24.

భారతికి,

అలాంటి పని చెయ్యకు. నేనే రాస్తున్నాను.

నాకింకా మీసాలు రాని రోజుల మాట. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఊళ్లో వరసగా మనుషులు పోయారు. తాగే నీళ్ల బావి చెడిందని తరవాత తెలిసింది. జగ్గమ్మ మొగుడు అంతకుముందే సముద్రంలో పోయాడు. ఒంటరిది, నోరున్నది, ఎవరికీ తల వంచనిది. ఎవరో చిల్లంగి అన్నారు. మంత్రం పెట్టి మనుషుల్ని తినేస్తోందన్నారు. మొదట అన్నదెవరో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వలల పాకలో గుంజకి కట్టి, పట్టకారుతో ముందుపళ్లు పీకేశారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదట, పలక్కపోతే పారదట. పీకినవాళ్లలో అప్పలసూరి తండ్రి ఒకడు. వాళ్లంతా పోయారు. పట్టకారు మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. పడవ ఇంజను బోల్టులు దాంతోనే విప్పుతారు.

ఆమె ఊరు విడిచి వెళ్లలేదు. నోరు మానగానే తట్ట ఎత్తుకుంది. కట్టేసినవాళ్ల పెళ్లాలే ఆమె దగ్గర నెత్తళ్లు కొన్నారు. పళ్లు లేవు కనక ఊరికి ఆమె మీద కోపం లేదు. నోట్లో ఆ ఖాళీ కనబడినన్నాళ్లూ అందరూ ఆమెతో పరాచికాలాడారు. ఇప్పుడది పూడిపోయింది.

మొదట పిల్లలు చూసి నవ్వారు. తరవాత ఆడవాళ్లు ఆమె తట్ట దగ్గర ఆగడం మానేశారు. ఇప్పుడు వెంకీకి జ్వరం, పచ్చకామెర్లు. నిషేధం రోజులు కదా, అందరి చేతుల్లో ఫోన్లే. ఆమె వెంకీ భుజం కొరికే ముక్కొక్కటీ కత్తిరించి ఒకళ్లకొకళ్లు పంపుకుంటున్నారు. ఇదివరకు అది చూసి నవ్వుతూ ఇసకలో దొర్లినవాళ్లే ఇప్పుడు చప్పుడు తీసేసి చూస్తున్నారు.

నిన్న కొండబాబు కొట్టుకొచ్చి, "నిజింగా కరిసిందేటి, మావా?" అన్నాడు.

"సినిమారా" అన్నాను.

"సినిమా అని నాకూ తెలుసు. పళ్లు సినిమావే. నోరు దానిదే గదా."

నేనేం చెప్పను? నువ్వయితే ఏదో చెబుతావు.

తిరుమలరావు


విజయనగరం,
మే 1.

బావా,

చెబుతాను. మేడే ఊరేగింపు నుంచి వచ్చి, గొంతు పోయి, కలంతో అరుస్తున్నాను.

పక్కన భోగాపురంలో విమానాలు దిగడానికి నేల చదును చేస్తున్నారు. అక్కడికి కూతవేటు దూరంలో పట్టకారుతో మంత్రాలు ఆపిన ఇంటివాడు కులపెద్ద. ఈ రెండూ ఒకే జిల్లాలో ఎలా ఉన్నాయని ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యపోతే పని చెయ్యాలి కదా. బావి చెడితే పంచాయతీని అడిగే ధైర్యం లేదు మీకు. మొగుడు లేని ఆడదాన్ని గుంజకి కట్టే ధైర్యం మాత్రం ఉంది. అడగాల్సినవాణ్ణి అడగలేనివాడి కోపం ఎప్పుడూ పక్కింటి మీదే పడుతుంది. చిల్లంగి అంటే ఇంతే. అది అమాయకత్వం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఎవరి జోలికి వెళ్లకూడదో లెక్క బాగా తెలిసినవాళ్లే ఆ మాట అంటారు. చిల్లంగి ఏనాడైనా సర్పంచి ఇంట్లో పుట్టిందా?

పోలీసులకి ఫిర్యాదు పంపాను. మా సంఘం వాళ్లతో కలిసి వస్తాను, మంత్రాలన్నీ మోసమని రామమందిరం ముందే చేసి చూపిస్తాం. విలేకరులకీ చెబుతాను.

ఒక్కటి గుర్తుపెట్టుకో. జగ్గమ్మ ఆ పళ్లు తీయకూడదు. ఒక్క పూట కూడా. తీస్తే ఆనాడు పీకినవాళ్లు చేసింది సబబే అని సంతకం పెట్టినట్టు. ఆమెకి నా మాటగా చెప్పు.

భారతి


నీలాటిపాలెం,
మే 12.

భారతికి,

జీపు వచ్చింది. ఇద్దరు దిగారు. జగ్గమ్మని నోరు తెరవమని, పళ్లు చూసి నవ్వుకుని, ఫోటో తీసుకుని, అప్పలసూరి ఇంట్లో కూల్‌డ్రింకు తాగి వెళ్లారు. ఊరి మీదకి జీపు తెచ్చింది జగ్గమ్మే అంటున్నారు. ఇన్నాళ్లూ గుసగుసలైనా వినబడేవి. ఇప్పుడు నేను వెళ్తే అవీ ఆగిపోతున్నాయి.

నేను ఆమెకి నీ మాట చెప్పలేదు. నా మాట చెప్పాను. "పిన్నీ, గొడవ సర్దుమణిగేదాకా తీసి డబ్బాలో పెట్టు" అన్నాను. ఆమె పచ్చి మామిడికాయ తింటోంది. "ఇలాగ కాయకి కాయ కొరికి ఎన్నాళ్లయిందో నీకేటి తెలుస్తాదిరా" అంది. కాయంతా అయ్యేదాకా నన్ను అలాగే నిలబెట్టింది.

పళ్లు ఆమె నోట్లో ఉన్నాయి. నువ్వు అక్కడ కూర్చుని తీయొద్దంటావు, నేనిక్కడ కూర్చుని తీయమంటాను. ఆమె నోటి మీద మనిద్దరి పెత్తనం ఏమిటి?

ఇంకోటి. నాలుగు పేజీలు రాశావు. వెంకీ ఎలా ఉన్నాడని ఒక్క ముక్క అడగలేదు.

తిరుమలరావు


నీలాటిపాలెం,
మే 27.

భారతికి,

నువ్వు జవాబు రాయలేదు. కోపమొచ్చిందో, సిగ్గేసిందో. ఏదైనా తరవాత చూసుకుందాం.

మొన్న రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చుని జగ్గమ్మని పిలిపించారు. నన్నూ పిలిచారు. ఆమె వచ్చి ఇసకలో చతికిలబడింది.

"పిన్నీ, నీ మీద మాకు కోపం నేదు" అన్నాడు అప్పలసూరి. మాట మెత్తగానే ఉంది. "ఆ పళ్లు ఇచ్చెయ్యి. సముద్రంలో పడేస్తాం. నీకూ మంచిది, మా గుంటడు వెంకీకీ మంచిది."

"ఇస్తాను" అందామె. తన తువ్వాలు ఇసకలో పరిచి, రెండు వరసలూ నోట్లోంచి తీసి దాని మీద పెట్టింది. "ఎవులు తీస్తారో తియ్యండి."

ఒక్కడూ కదల్లేదు. వలలో పడ్డ సముద్రపు పాముల్ని తోక పట్టి విసిరేసే మగాళ్లు, భారతీ. అప్పలసూరి కొండబాబు వైపు చూశాడు. "నువ్వు తియ్యరా." "నానేటి తీస్తాను, పెద్దోడివి నువ్వుండగా." అతను ఇంకొకణ్ణి చూశాడు. వాడు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఎవడో వెదురుకర్ర పట్టుకొచ్చాడు, ముందుకి చాపాడు, తగలకుండానే వదిలేశాడు. సినిమాలో అయితే ఇక్కడ నవ్వాలి. జగ్గమ్మ నవ్వింది. ఖాళీ నోరు చూసి ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఆనాడు పీకినోలు మనుసులు. మీరు పీనుగులు" అంది. పళ్లు లేక మాట సగమే పలికింది. అందరికీ అర్థమైంది.

నేను వెళ్లి తీశాను. ఎందుకు తీశానో చెప్పలేను. తువ్వాలుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాను. పెట్టుకుంది.

నన్ను వెలేశారు. నా కొట్టు మెట్టెక్కినవాడు తప్పు కింద డబ్బు కట్టాలి. కరెంటు తీగ ఎవరో కోసేశారు. ఐసంతా కరిగి వీధిలోకి పారింది, ఫోనూ చచ్చింది. భోగాపురం దాకా నడిచి ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. అక్కడినుంచి ఫోన్ చెయ్యొచ్చు, కానీ నువ్వు మధ్యలో వాదిస్తావు.

ఆ రోజు అందరూ లేచాక అప్పలసూరి నా దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు. "గుంటడు లెగిసి తిరిగితే సరే తిరుమలా. నేకపోతే మా అయ్య సేసిందే నానూ సేస్తాను. ఈపాలి పళ్లతో ఆగదు."

వెంకీ కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చేతికి పసరు పూసి, ఉప్పూ నూనె మాన్పించి పడుకోబెట్టారు. ఆసుపత్రి పేరెత్తితే "సిల్లంగికి డాక్టరేటి సేస్తాడు" అంటాడు వాళ్ల నాన్న. నీ సంఘం వద్దు, పత్రిక వద్దు. బండి తీసుకురా. జీవితమంతా వాదించావు. వచ్చి ఈ ఒక్కటీ గెలువు.

తిరుమలరావు


విశాఖపట్నం, పెద్దాసుపత్రి,
జూన్ 6.

బావా,

వెంకీని బండెక్కించేటప్పుడు నువ్వు నీ కొట్టు తలుపు దగ్గరే నిలబడి చూశావు. లోపల నేను ఏం చెప్పి ఒప్పించానో నీకు తెలియదు. తెలియాలి.

మొదట నీళ్ల గురించి చెప్పాను. తరవాత కాలేయం గురించి. చేత్తో బొమ్మ గీసి మరీ చెప్పాను. అప్పలసూరి అంతా విని, "టీ తాగవే అమ్మా, ఎండనపడి వచ్చావు" అన్నాడు. అతని పెళ్లాం లక్ష్మణమ్మ ఫోన్ నా ముందు పెట్టింది. చప్పుడు లేని ఆ ముక్క. అప్పుడు తోచింది. "సినిమా ఆఖరిదాకా చూశారా, వదినా?" అన్నాను. ఎప్పుడో చూశారు గానీ ఈ మధ్య అందరూ చూస్తున్నది ఆ ముక్కే. నా ఫోన్‌లో ఆఖరు పెట్టి చూపించాను. సూది పొడుస్తారు, పడున్నవాళ్లు లేస్తారు, డాన్సు చేస్తారు. రెండో వరసలో ఎర్ర చొక్కాతో ఎగురుతున్నవాడు వెంకీ. లక్ష్మణమ్మ వేలు ఆ ఎర్ర చొక్కా మీద పెట్టి తియ్యలేదు.

"కరిసింది సినిమాలోది, వదినా" అన్నాను. "దానికి పసరు పని సెయ్యదు. సూదే. ఆ సూది విశాపట్నంలో ఉన్నాది."

నా నోటితో నేనే అన్నాను. ఏ సూదిని చూసి పిల్లతనమని నీకు రాశానో అదే సూది. అప్పలసూరి వెంటనే లేచి లుంగీ బిగించాడు. నా జీవితంలో నేను గెలిచిన వాదన ఇదొక్కటే. గెలిచింది నేను కాదు. ఏ నమ్మకం మీద ఇన్నేళ్లు రాళ్లు వేశానో దాని మొదట్లో చెంబుడు నీళ్లు పోసి వచ్చాను.

డాక్టరమ్మ ఆలస్యమైందంటోంది. కాలేయం బాగా దెబ్బతింది, ఏమీ చెప్పలేనంటోంది. వెంకీ లేచి నడిస్తే, సూది చిల్లంగిని విరిచిందంటారు, అంటే జగ్గమ్మ చిల్లంగే అని తేలినట్టు. లేవకపోతే పట్టకారు ఉండనే ఉంది. రెండు దారులూ ఆమె గుమ్మం దగ్గరికే వెళ్తున్నాయి. అందులో ఒకటి నేను వేసిందే.

మొన్న తెలివిలో ఉన్నప్పుడు వెంకీ నాతో అన్నాడు. "ముసిల్ది నన్ను కరవనేదు అత్తా. ఊరికే పెదాల్తో పట్టుకున్నాది. సక్కిలిగిలి ఎట్టి నవ్వాపుకోనేక సచ్చాను."

"ఆ మాట మీ నాన్నకి చెప్పరా" అన్నాను.

"సెప్పాను. కరిపించుకున్నోడు అలాగే మాటాడతాడన్నారు."

ఇవాళ పొద్దున్నుంచి మాట లేదు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. డాక్టరు చెప్పేది వినడానికి లక్ష్మణమ్మ పక్కన ఒక మనిషి ఉండాలి, కనక నేను రాలేను. నీ ఫోను పలకడం లేదు. కొండబాబు ఎండుచేపలు దించి ఖాళీ బండితో వెనక్కి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. నీ మెట్టెక్కనని చెప్పాడు. కిటికీలోంచి పడేస్తాడు.

అదే బండిలో ముందు సీట్లో అప్పలసూరి కూర్చున్నాడు. కొడుకు ఇలా ఉండగా ఊరికెందుకన్నా అని అడిగాను. "ఇంటికాడ సిన్న పనున్నాది" అన్నాడు. నా వైపు చూడలేదు.

ఇది అందిన వెంటనే జగ్గమ్మని నీ ఇంట్లోకి తెచ్చుకో. పళ్లు తియ్యమని నువ్వూ చెప్పొద్దు, తియ్యొద్దని నేనూ చెప్పను. ఆసుపత్రి గేటు దగ్గర పచ్చి మామిడికాయలు అమ్ముతున్నారు. గట్టివి చూసి ఏరాను, ఉత్తరంతోపాటే సంచిలో ఉన్నాయి. ఆమెకివ్వు. లోపల గడియ పెట్టాక ఇవ్వు.

భారతి